బడి పాలనకు బ్యాలెట్ పెట్టె
శాన్‌ఫ్రాన్సిస్కో పాఠశాల బోర్డుకు పోటీ చేయడం ఎలా? అక్కడి మనవారికి హక్కు ఎంత, హద్దు ఎంత?

గ్రామ పంచాయతీకి, పురపాలక సంఘానికి, మండల, జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరగడం మనకు తెలిసిన విషయమే. కేవలం పాఠశాలలను నడిపేందుకే ఊరి ఓటర్లందరూ ప్రతినిధులను ఎన్నుకోవడం మాత్రం మనకు అలవాటు లేని పద్ధతి. అమెరికాలో అది తరతరాల ఆచారం. ఆ దేశంలో దాదాపు 13 వేల పాఠశాల బోర్డులు ఉన్నాయి. వాటిలో అత్యధికం ప్రజల ఓట్లతో ఏర్పడుతున్నవే. అధ్యక్ష ఎన్నికలకు దక్కే ప్రచారంలో వెయ్యో వంతు కూడా వీటికి దక్కదు. అయినా పిల్లవాడు ఏ బడిలో చేరాలి, ఏ తరగతిలో ఏ లెక్కలు నేర్వాలి, ఏ బడి మూతపడాలి అనే నిర్ణయాలు చాలావరకు ఆ బోర్డు బల్ల వద్దే జరుగుతాయి.

తెలుగు జిల్లాల నుంచి ఉద్యోగాల నిమిత్తం కాలిఫోర్నియాకు తరలివెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలు చదివేది ఎక్కువగా ఈ బోర్డుల కింద నడిచే ప్రభుత్వ పాఠశాలల్లోనే. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోనైతే అమెరికా పౌరసత్వం లేని తల్లిదండ్రులకు సైతం పాఠశాల బోర్డు ఎన్నికలలో ఓటు హక్కు ఉంది. ఆ హక్కు వెంట కొన్ని ప్రమాదాలూ ఉన్నాయి. అందుచేత ఆ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని, బోర్డు అంటే ఏమిటి, దానికి ఎవరు ఎలా పోటీ చేస్తారు, గెలిచినవారిపై పడే బరువు ఎంత అనే సంగతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డిస్ట్రిక్టు అంటే జిల్లా కాదు

అమెరికాలో 'స్కూల్ డిస్ట్రిక్టు' అన్న మాట వినగానే మన జిల్లాను ఊహించుకోరాదు. అది రెవెన్యూ పరిధి కాదు. కొన్ని పాఠశాలల నిర్వహణ కోసం ఏర్పడిన ప్రత్యేక స్థానిక సంస్థ. దాని సరిహద్దు ఒక నగరం కావచ్చు, నాలుగు చిన్న ఊళ్లు కావచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డిస్ట్రిక్టు పరిధి, నగర పరిధి ఒక్కటే. అందులో దాదాపు 50 వేల మంది విద్యార్థులు చదువుతున్నారు. ఏటా వంద కోట్ల డాలర్లకు మించిన వ్యయంతో ఆ సంస్థ నడుస్తుంది.

నగరానికి మేయరు ఉన్నప్పటికీ పాఠశాలలపై ఆయనకు గాని, ఆమెకు గాని నేరుగా అధికారం లేదు. 1970 దశకం ఆరంభం వరకు బోర్డు సభ్యుల నియామకం మేయరు చేతిలో ఉండేది. ఆ తరువాత దానిని ఓటర్లకు అప్పగించారు. ఇప్పుడు పదవీకాలం మధ్యలో స్థానం ఖాళీ అయినప్పుడు మాత్రమే మేయరు ఒకరిని నియమిస్తారు. అన్ని నగరాలలోనూ ఇదే పద్ధతి ఉందనుకోరాదు. న్యూయార్క్‌లో 2002 నుంచి పాఠశాలలు మేయరు అదుపులోకి వెళ్లాయి. దీర్ఘకాలం మేయరు నియమించిన బోర్డుతోనే నడిచిన షికాగోలో 2024 నవంబరులో తొలిసారి సభ్యుల ఎన్నిక జరిగింది.

ఏడుగురి చేతిలో ఏముంది?

శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డులో ఏడుగురు సభ్యులు ఉంటారు. పదవీకాలం 4 సంవత్సరాలు. సరి సంఖ్య సంవత్సరాల నవంబరులో జరిగే సాధారణ ఎన్నికలలో ఒకసారి 4 స్థానాలకు, మరొకసారి 3 స్థానాలకు ఓటింగ్ జరుగుతుంది. ఏడుగురూ ఒకేసారి మారిపోకుండా ఈ ఏర్పాటు చేశారు. వార్డులు లేవు; నగరమంతా ఒకటే నియోజకవర్గం. ఉన్నత పాఠశాలల విద్యార్థుల తరఫున ఇద్దరు ప్రతినిధులు కూడా సమావేశాలలో కూర్చుంటారు. వారి ఓటు సలహా రూపంలోనే ఉంటుంది.

బోర్డు చేతిలోని ప్రధాన అధికారాలు నాలుగు. మొదటిది సూపరింటెండెంటు నియామకం. మన జిల్లా విద్యాధికారిని ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడ ఆ స్థాయి అధికారిని బోర్డే ఎంపిక చేస్తుంది, పనితీరును మదింపు వేస్తుంది, అవసరమైతే సాగనంపుతుంది. రెండవది వార్షిక బడ్జెట్ ఆమోదం. మూడవది ఉపాధ్యాయ సంఘాలతో కుదిరే వేతన ఒప్పందాలకు ఆమోదం. నాలుగవది ప్రవేశాలు, పాఠ్యాంశాలు, బడుల ఏర్పాటు, మూసివేత వంటి విధాన నిర్ణయాలు.

బోర్డు చేయలేనివీ ఉన్నాయి. పాఠ్య ప్రమాణాలు, నిధుల సూత్రం రాష్ట్ర ప్రభుత్వానివి. కాలిఫోర్నియాలో రాష్ట్ర నిధులు విద్యార్థుల సగటు రోజువారీ హాజరును బట్టి వస్తాయి. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది. భవనం, ప్రధానోపాధ్యాయుడు, కాపలాదారు ఖర్చు మాత్రం తగ్గదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దెల భారం మోయలేక కుటుంబాలు తరలిపోవడం, జననాలు తగ్గడం, ప్రైవేటు పాఠశాలల వైపు మొగ్గు మొదలైన కారణాలతో బడులలో ఖాళీలు పెరిగాయి. బోర్డుకు పోటీ చేసే ప్రతి వ్యక్తీ ముందుగా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే: పిల్లలు తగ్గుతున్న నగరంలో ఏ బడిని ఉంచుతారు, దేనిని కలిపేస్తారు?

లెక్కల పాఠమూ ఎన్నికల అంశమే

బోర్డు నిర్ణయం ఇంటి గడప దాకా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి బీజగణితం ఉదంతం చాలు. 2014లో ఆ డిస్ట్రిక్టు 8వ తరగతిలో ఆల్జీబ్రా బోధనను నిలిపివేసి 9వ తరగతికి జరిపింది. లెక్కలలో ముందున్నవారు, వెనుకబడినవారు అంటూ పిల్లలను చిన్న వయసులోనే విడదీయరాదన్నది అప్పటి వాదన. ఇంజనీరింగ్ చదువులకు కావలసిన ఉన్నత గణితం పాఠశాల ముగిసేలోగా పూర్తికావడం దీనివల్ల కష్టమవుతుందన్నది చాలామంది తల్లిదండ్రుల అభ్యంతరం. స్తోమత ఉన్నవారు వేసవిలో ప్రైవేటుగా చెప్పించుకుంటారు, లేనివారి పిల్లలే నష్టపోతారన్న విమర్శ కూడా వచ్చింది. పదేళ్ల వివాదం తరువాత 2024 ఫిబ్రవరిలో బోర్డు 8వ తరగతి ఆల్జీబ్రాను తిరిగి తెచ్చేందుకు ఓటు వేసింది. ఆ మరుసటి నెల జరిగిన సలహా పూర్వక ప్రజాభిప్రాయ ఓటింగులో నగర ఓటర్లు దానికి భారీ ఆధిక్యంతో మద్దతు పలికారు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష లెక్కల చుట్టూ ఇల్లు నడిచే మన ప్రాంతంలో ఈ పోరాటం ఎందుకు జరిగిందో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

పోటీకి అర్హత

కాలిఫోర్నియా విద్యా చట్టం ప్రకారం పాఠశాల బోర్డుకు పోటీ చేసే వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆ డిస్ట్రిక్టు పరిధిలో నివసిస్తూ, అక్కడే ఓటరుగా నమోదై ఉండాలి. ఓటరు నమోదుకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి గనుక అభ్యర్థి పౌరుడై ఉండవలసిందే. ఉపాధ్యాయ పట్టా గాని, నిర్దిష్ట విద్యార్హత గాని అక్కరలేదు. బడి ఈడు పిల్లలు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. అదే డిస్ట్రిక్టులో ఉద్యోగం చేస్తున్నవారు గెలిస్తే ప్రమాణ స్వీకారానికి ముందు ఆ ఉద్యోగాన్ని వదులుకోవాలి. జీతం తీసుకునేవారే జీతం నిర్ణయించే కుర్చీలో కూర్చోరాదన్నది దీని భావం.

నవంబరు ఎన్నికకు నామినేషన్ల ఘట్టం జులై, ఆగస్టు నెలలలో సాగుతుంది. అభ్యర్థి నగర ఎన్నికల విభాగం వద్ద అభ్యర్థిత్వ ప్రకటన సమర్పించాలి. తనను బలపరిచే స్థానిక ఓటర్ల సంతకాలు జతచేయాలి. తన ఆదాయ వనరులు, పెట్టుబడులు, ఆస్తులలో పదవికి సంబంధం కలిగించే వాటి వివరాలతో 'ఫారం 700' దాఖలు చేయాలి. ఈ పత్రాలు ఎవరైనా చూడగల బహిరంగ దస్తావేజులు.

బ్యాలెట్ పత్రంపై పార్టీ పేరు గాని, గుర్తు గాని ఉండదు. అభ్యర్థి పేరు కింద అతని వృత్తిని తెలిపే రెండు మూడు మాటలు మాత్రం ఉంటాయి. ఉపాధ్యాయుడా, న్యాయవాదియా, చిన్న వ్యాపారియా, విద్యార్థి తల్లియా అన్నది ఆ మాటలే చెబుతాయి. నగర ప్రభుత్వం ప్రతి ఓటరు ఇంటికీ పంపే సమాచార పుస్తకంలో అభ్యర్థి సంక్షిప్త ప్రకటన ముద్రితమవుతుంది. పేరు తెలియని అభ్యర్థికి ఓటరుతో పరిచయం కలిగించే తొలి అవకాశం అదే. అందుకే ఆ కొద్ది వాక్యాల కోసం వారాల తరబడి కసరత్తు చేసేవారు ఉంటారు.

ఎన్నిక తేదీకి 29 రోజుల ముందు నుంచి బ్యాలెట్ పత్రాలు తపాలాలో ఓటర్ల ఇళ్లకు బయలుదేరుతాయి. కాలిఫోర్నియాలో నమోదైన ఓటర్లందరికీ ఈ సదుపాయం ఉంది. ఇంట్లోనే గుర్తు పెట్టి తపాలాలో వేయవచ్చు, పెట్టెలో వేయవచ్చు, పోలింగ్ కేంద్రానికి వెళ్లవచ్చు. 4 స్థానాలు ఉంటే ఓటరు గరిష్ఠంగా నలుగురికి ఓటు వేయవచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చిన తొలి నలుగురు ఎన్నికవుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు ఎన్నికలో ఉన్న ప్రాధాన్య క్రమపు ఓటు ఇక్కడ లేదు.

2024 నవంబరులో 4 స్థానాలకు 11 మంది బరిలో నిలిచారు. జేమీ హ్యులింగ్, మ్యాట్ అలెగ్జాండర్, పరాగ్ గుప్తా, సుప్రియా రే గెలిచారు. వీరిలో అలెగ్జాండర్ ఒక్కరే పాత సభ్యుడు. తక్కిన ముగ్గురూ కొత్తవారు.

డబ్బు లెక్క

పార్టీ గుర్తు లేనంత మాత్రాన రాజకీయం లేదని భావించరాదు. నగరంలోని డెమొక్రటిక్ పార్టీ కమిటీ, ఉపాధ్యాయ సంఘం, తల్లిదండ్రుల బృందాలు, స్థానిక పత్రికలు తమ తమ అభ్యర్థులను ప్రకటిస్తాయి. నగరమంతా ఒకే నియోజకవర్గం కావడంతో ఇంటింటికీ తిరిగి అందరినీ కలవడం ఒక్క మనిషికి సాధ్యం కాదు. కనుక ఈ మద్దతు జాబితాలకు విలువ ఎక్కువ. ఇంటికి వచ్చే కరపత్రంలో పేరు ఉండటం, లేకపోవడం పెద్ద తేడాకు దారితీస్తుంది.

అభ్యర్థి విరాళాలు స్వీకరించాలంటే ముందుగా ప్రకటన పత్రం ఇవ్వాలి. వసూళ్లు 2,000 డాలర్లకు చేరితే ప్రచార కమిటీని నమోదు చేసి, కోశాధికారిని పెట్టుకుని, నిర్ణీత గడువులలో జమాఖర్చులు దాఖలు చేయాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఇవ్వగలిగింది 500 డాలర్లే. కంపెనీలు నేరుగా అభ్యర్థికి ఇవ్వరాదు. అయితే అభ్యర్థితో సంబంధం లేకుండా స్వతంత్రంగా ప్రచారం చేసే బృందాల ఖర్చుకు పరిమితి లేదు. అసలు పెద్ద డబ్బు ఆ దారిలోనే ప్రవహిస్తుంది. 2017 లాస్ ఏంజెలస్ పాఠశాల బోర్డు ఎన్నికలలో ఇరుపక్షాల ఖర్చు కోటి డాలర్లు దాటిపోయింది.

ఇక్కడ మన కుటుంబాలు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం విదేశీ జాతీయులు ఆ దేశంలో ఏ స్థాయి ఎన్నికకూ విరాళం ఇవ్వరాదు. పాఠశాల బోర్డు ఎన్నిక కూడా ఇందులోకే వస్తుంది. హెచ్1బి వీసాపై పనిచేస్తున్నవారు, విద్యార్థి వీసాపై ఉన్నవారు, ఇక్కడ మన ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు, మేనమామలు అందరూ ఈ నిషేధం పరిధిలోనివారే. మొత్తం ఎంత చిన్నదైనా మినహాయింపు లేదు. గ్రీన్‌కార్డు పొంది శాశ్వత నివాసులైనవారు మాత్రం ఇవ్వవచ్చు. బంధువో, ఊరివాడో పోటీ చేస్తున్నాడన్న అభిమానంతో ఇక్కడి నుంచి ప్రచార నిధికి డబ్బు పంపితే ఆ అభ్యర్థికి మేలు కాదు, చిక్కు కలుగుతుంది. ప్రతిఫలం తీసుకోకుండా స్వచ్ఛందంగా శ్రమదానం చేయడానికి విదేశీయులకు కూడా అనుమతి ఉంది. ప్రచార నిర్ణయాలలో మాత్రం వారు పాలుపంచుకోరాదు.

ముగ్గురిని దించిన తల్లిదండ్రులు

గెలిచి నాలుగేళ్లు నిశ్చింతగా కూర్చోవచ్చని అనుకునేవారికి 2022 ఫిబ్రవరి 15 ఒక పాఠం. ఆ రోజు శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు బోర్డు సభ్యులు అలిసన్ కాలిన్స్, గాబ్రియేలా లోపెజ్, ఫౌంగా మొలిగాలను పదవుల నుంచి తొలగించారు. ముగ్గురికీ వ్యతిరేకంగా మూడింట రెండు వంతులకు పైగా ఓట్లు పడ్డాయి. తక్కిన నలుగురు అప్పటికి కొత్తగా గెలిచినవారు కావడంతో వారిపై రీకాల్ పెట్టే వీలు లేకపోయింది.

కారణాలు ఒక్కరోజులో పుట్టలేదు. కొవిడ్ కారణంగా 2020 మార్చిలో మూతపడిన బడులు ఎప్పుడు తెరుస్తారా అని తల్లిదండ్రులు ఎదురుచూస్తున్న వేళ, 2021 జనవరిలో బోర్డు 44 పాఠశాలల పేర్లు మార్చాలని తీర్మానించింది. బానిసత్వంతోనో, అణచివేతతోనో సంబంధం ఉందన్న కారణంగా వాషింగ్టన్, లింకన్ వంటి పేర్లను తొలగించదలచింది. పేర్ల పరిశీలనలో చారిత్రక పొరపాట్లు దొర్లాయన్న విమర్శలు వచ్చాయి. తలుపులు తెరవని బడికి పేరు మార్పు ఎందుకన్న ప్రశ్న అంతకంటే గట్టిగా వినిపించింది. పాఠశాలలు తెరిపించాలంటూ నగర ప్రభుత్వమే 2021 ఫిబ్రవరిలో డిస్ట్రిక్టుపై కోర్టుకెక్కింది. ఏప్రిల్‌లో బోర్డు పేర్ల తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది. ఆ లోగా నమ్మకం జారిపోయింది.

బడ్జెట్‌లో దాదాపు 12.5 కోట్ల డాలర్ల లోటు బయటపడింది. ఆసియన్ అమెరికన్లను ఉద్దేశించి కాలిన్స్ 2016లో చేసిన ట్వీట్లు వెలుగులోకి రావడంతో సహ సభ్యులు ఆమెను ఉపాధ్యక్ష పదవి నుంచి తప్పించారు. ఆమె డిస్ట్రిక్టుపైన, సహ సభ్యులపైన 8.7 కోట్ల డాలర్లకు దావా వేశారు. దానిని కోర్టు కొట్టివేసింది.

రీకాల్ ఉద్యమాన్ని 2021 ఆరంభంలో మొదలుపెట్టినవారు ఏ పార్టీ నాయకులూ కారు. భారతదేశం నుంచి వెళ్లి స్థిరపడిన శివ రాజ్, ఆయన సహచరి ఆటమ్ లుయెన్. ఒక్కో సభ్యునిపై 50 వేలకు పైగా చెల్లుబాటయ్యే సంతకాలు కావలసి ఉండగా, వారి బృందం 80 వేల వరకు సేకరించింది. వారాంతపు సంతల వద్ద, వీధి మలుపులలో బల్లలు వేసి సంతకాలు తీసుకున్నారు. ఖాళీ అయిన మూడు స్థానాలను మేయరు లండన్ బ్రీడ్ నియామకాలతో నింపారు. ఆ ముగ్గురూ అదే ఏడాది నవంబరులో ఓటర్ల ముందుకు రాగా ఇద్దరు గెలిచి ఒకరు ఓడారు. మేయరు నియమించినంత మాత్రాన ఓటరు తల ఊపడని తేలిపోయింది.

ఎజెండాలో ఒక్క మాట

బోర్డు సభ్యుని పనికి ఉన్న చట్టపు కట్టుబాటు ఎంత గట్టిదో లోవెల్ ఉన్నత పాఠశాల వ్యవహారం తెలుపుతుంది. మార్కులు, పరీక్షల ఆధారంగా ప్రవేశాలు ఇచ్చే ఆ పేరొందిన ప్రభుత్వ పాఠశాలలో లాటరీ పద్ధతిని శాశ్వతం చేస్తూ 2021 ఫిబ్రవరిలో బోర్డు ఓటు వేసింది. నల్లజాతి, లాటినో పిల్లలకు అక్కడ చోటు దక్కడం లేదన్నది ఒక వర్గం ఆవేదన. కష్టపడి చదివే వలస కుటుంబాల పిల్లల దారి మూసేశారన్నది మరో వర్గం ఆగ్రహం.

కోర్టు ఈ రెండు వాదాల జోలికి పోలేదు. కాలిఫోర్నియాలో 1953 నుంచి అమలులో ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలి. సాధారణ సమావేశానికి 72 గంటల ముందు చర్చనీయాంశాలను ప్రజలకు అర్థమయ్యేలా ప్రకటించాలి. మాట్లాడగోరిన పౌరునికి అవకాశం ఇవ్వాలి. మెజారిటీ సభ్యులు తమలో తాము చాటుగా చర్చించి నిర్ణయానికి రారాదు. లోవెల్ మార్పును ఎజెండాలో తగినంత స్పష్టంగా తెలపలేదంటూ 2021 నవంబరులో న్యాయమూర్తి ఆ తీర్మానాన్ని చెల్లదన్నారు. 2022 జూన్‌లో కొత్త కూర్పుతో ఉన్న బోర్డు 4-3 ఓట్లతో ప్రతిభ ఆధారిత ప్రవేశాలను పునరుద్ధరించింది. ఒక్క ఓటు అటు తిరిగి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. ఏడు కుర్చీలలో ఒక్కదాని విలువ అంత.

గెలిచాక మొదలయ్యే బరువు

2024 ఎన్నికల నాటికి శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు సభ్యునికి దక్కే భత్యం నెలకు 500 డాలర్లు. ఆ నగరంలో ఒక చిన్న గది అద్దెకు కూడా అది చాలదు. లాస్ ఏంజెలస్‌లో పూర్తికాలం పనిచేసే సభ్యులకు 2017 నుంచి ఏటా 1,25,000 డాలర్ల వేతనం ఉంది గాని, అది అరుదైన మినహాయింపు. దేశంలో అత్యధిక బోర్డులలో వేతనం స్వల్పం, లేదా శూన్యం. పగలు ఉద్యోగం, రాత్రి సమావేశం, మధ్యలో వందల పేజీల పత్రాలు చదవడం, తల్లిదండ్రుల ఫోన్లు, ఉత్తరాలు. సొంత సంపాదనకు ఢోకా లేనివారో, ఇంటి బాధ్యతను పంచుకునే తోడు ఉన్నవారో తప్ప ఇతరులు ఈ పదవిని మోయడం కష్టమన్న విమర్శ అందుకే ఉంది. పేదల పిల్లలు ఎక్కువగా చదివే బడులకు పేద కుటుంబాల ప్రతినిధులు తక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

పని సైతం సుఖమైనది కాదు. 2022లో వచ్చిన కొత్త జీతాల కంప్యూటర్ వ్యవస్థ తప్పులతో ఉపాధ్యాయులకు నెలల తరబడి వేతనాలు సరిగా అందలేదు. ఆర్థిక స్థితి దిగజారడంతో 2024 మే నెలలో రాష్ట్ర విద్యాశాఖ పర్యవేక్షణను కట్టుదిట్టం చేసింది; బోర్డు ఆర్థిక నిర్ణయాలను నిలిపివేయగల అధికారం రాష్ట్ర సలహాదారులకు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో పదికి పైగా బడులను మూసివేయాలనో, కలపాలనో జాబితా వెలువడగానే నగరం భగ్గుమంది. సూపరింటెండెంటు మ్యాట్ వేన్ రాజీనామా చేశారు. మరియా సూ ఆ బాధ్యతలు చేపట్టారు. మూసివేతలు ఆగాయి గాని, వాటికి కారణమైన ఖాళీ బల్లలు, లోటు బడ్జెట్ ఎక్కడికీ పోలేదు. ఆ మరుసటి నెలలోనే గెలిచిన కొత్త సభ్యులకు వారసత్వంగా దక్కింది ఈ లెక్కల చిట్టాయే.

పౌరసత్వం లేకున్నా ఓటు

మన పాఠకులకు అత్యంత ఆసక్తి కలిగించే అంశం ఇది. 2016 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 'ప్రపొజిషన్ ఎన్' అనే ప్రతిపాదనను ఆమోదించారు. 2004లోను, 2010లోను ఇదే తరహా ప్రతిపాదనలు ఓడిపోయాయి, మూడోసారి నెగ్గింది. దీని ప్రకారం నగరంలో నివసించే 19 ఏళ్లలోపు పిల్లల తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకులు అమెరికా పౌరులు కాకున్నా పాఠశాల బోర్డు ఎన్నికలలో ఓటు వేయవచ్చు. వారు 18 ఏళ్లు నిండి, నగరంలో నివసిస్తూ ఉండాలి. బడికి పిల్లవాడిని పంపేవారికి బడి పాలనలో మాట ఉండాలన్నది దీని వెనుక ఉన్న వాదన.

ఈ హక్కు తొలిసారి 2018 నవంబరులో అమలులోకి వచ్చింది. నమోదైనవారు వందలోపే. 2022 జులైలో ఒక న్యాయస్థానం ఈ ఏర్పాటు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. 2023 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి హక్కును నిలబెట్టింది.

వేల సంఖ్యలో వలస తల్లిదండ్రులు ఉన్న నగరంలో నమోదు ఇంత పలుచగా ఉండటానికి భయమే ప్రధాన కారణంగా చెబుతారు. ఆ భయం నిరాధారం కాదు. నమోదు పత్రంలో ఇచ్చే పేరు, చిరునామా వలస విభాగం సహా ఇతర ప్రభుత్వ సంస్థల చేతికి చేరే అవకాశం ఉందని నగర ఎన్నికల విభాగమే హెచ్చరిక ముద్రిస్తోంది. నమోదుకు ముందు వలస చట్టాల న్యాయవాదిని సంప్రదించమని సూచిస్తోంది.

ఇందులో పాటించవలసిన జాగ్రత్తలు స్పష్టమైనవి. పౌరులు కానివారికి నమోదు పత్రం వేరు, బ్యాలెట్ వేరు; ఆ బ్యాలెట్‌పై పాఠశాల బోర్డు పోటీ మాత్రమే ఉంటుంది. సాధారణ ఓటరు నమోదు పత్రంలో పౌరుడినని సంతకం చేస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది. ఫెడరల్ ఎన్నికలలో పౌరులు కానివారు ఓటు వేయడం నేరం. గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తులు దెబ్బతినడమే కాక, దేశం విడిచి వెళ్లవలసిన పరిస్థితి కూడా రావచ్చు. మరొక సంగతి: ఈ హక్కు శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికే చెందినది. తెలుగువారు అధికంగా నివసించే ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హొసే ప్రాంతాలలో ఇది వర్తించదు. పక్క ఊరిలో చెల్లింది మన ఊరిలోనూ చెల్లుతుందన్న ఊహ అక్కడ ప్రమాదకరం.

ఓటు లేనివారు నోరు మూసుకుని ఉండాలని మాత్రం కాదు. బ్రౌన్ చట్టం ప్రకారం బోర్డు సమావేశానికి హాజరై మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ఎజెండా చదివి, తన వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలు సూటిగా చెప్పగల తల్లి మాట బోర్డు రికార్డులోకి ఎక్కుతుంది. అభ్యర్థులలో చాలామంది తొలి అడుగు పడింది కూడా అటువంటి సమావేశాలలోనే, బడి తల్లిదండ్రుల సంఘాలలోనే.

మన కమిటీల సంగతి

మన వద్ద ఇటువంటి వ్యవస్థ పూర్తిగా లేదని చెప్పలేము. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలలో యాజమాన్య కమిటీలు ఉండాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 సెప్టెంబరులోను, 2024 ఆగస్టులోను ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటయ్యాయి.

తేడా అధికారంలో ఉంది. మన కమిటీ బడి పనితీరును గమనిస్తుంది, అభివృద్ధి ప్రణాళిక తయారుచేస్తుంది, వచ్చిన నిధుల వినియోగాన్ని చూస్తుంది. ఉపాధ్యాయుని నియమించేది, బదిలీ చేసేది, బడ్జెట్ కేటాయించేది, బడులను విలీనం చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కనుక బడి మూతపడితే మన తల్లిదండ్రులు అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు వెళతారు. శాన్‌ఫ్రాన్సిస్కో తల్లిదండ్రులు ఓటు పట్టుకుని బోర్డు సభ్యుని వద్దకు వెళతారు. అక్కడి పద్ధతిలో లోపాలు లేవని కాదు. లోటు బడ్జెట్, డబ్బున్న బృందాల ప్రచారం, ఓటర్ల ఉదాసీనత అక్కడా ఉన్నాయి. 2021 వరకు ఆ నగరంలో తమ బోర్డు సభ్యుల పేర్లు తెలియని తల్లిదండ్రులు ఎందరో. పేర్లు తెలుసుకునేసరికి పిల్లలు ఏడాది చదువు బడి బయట గడిపారు.

శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం చెప్పేది ఇదొక్కటే. బడిని ఎవరు నడుపుతున్నారో, వారిని నిలదీసే దారి ఏదో ముందుగా తెలిసి ఉంటే కష్టకాలంలో వెతుక్కోనక్కరలేదు. అక్కడ ఉన్న మన బిడ్డలైనా, ఇక్కడ మండల కేంద్రంలోని బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులైనా ముందుగా చేయవలసిన పని సమావేశం ఎప్పుడో కనుక్కుని వెళ్లి కూర్చోవడం. పోటీ చేయడం, ఓటు వేయడం ఆ తరువాతి మెట్లు.